నేటివ్ అంటే ఎవరు? మార్లవాయి హైమన్‌డార్ఫ్ కథ

పోయిన సెమిస్టర్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. దసరా సెలవుల్లో ఏం చేస్తారో ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడాలి. నా వంతు రాగానే లేచి, సెలవులు ఇచ్చిన రోజే 'ఐ యామ్ గోయింగ్ నేటివ్' అని మొదలుపెట్టిన. ఊరికి పోతున్న అని నా లెక్క. మన దగ్గర మీ నేటివ్ ఏది అంటే మీ సొంతూరు ఏది అనే కదా అర్థం. హాస్టల్‌లో కొత్తగా ఎవరు కలిసినా మొదట అడిగేది అదే. మేడమ్ నవ్వు ఆపుకొని కూర్చోమన్నరు. వెనక బెంచీల వాళ్లు మాత్రం ఆపుకోలేదు, ఎందుకు నవ్వుతున్నరో వాళ్లకూ తెలియకపోయినా.

తర్వాత మేడమ్ చెప్పిన దాని సారాంశం ఇది. ఇంగ్లిష్‌లో 'గో నేటివ్' అంటే ఊరికి పోవడం కాదు. ఒక మనిషి పరాయి చోటికి పోయి, అక్కడి వాళ్ల తిండి తిని, వాళ్ల బట్ట కట్టి, వాళ్ల మాట మాట్లాడి, చివరికి వాళ్లలాగే ఆలోచించడం మొదలుపెడితే ఆ మాట వాడతారు. ఎక్కువగా వెక్కిరింపుగానే వాడతారు. నర్సరీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఇంత చిన్న మాట అర్థం తెలియలేదని సిగ్గేసింది.

సాయంత్రం రూమ్‌లో ఈ సంగతి చెప్పుకొని నవ్వుకుంటుంటే, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన మా రూమ్మేట్ నవ్వలేదు. అట్లాంటి మనిషి మా దగ్గర ఒకాయన ఉండె, పేరు హైమన్‌డార్ఫ్, మా వాళ్లు ఇప్పటికీ ఏడాదికోసారి ఆయన సమాధి దగ్గర కూడుతరు అన్నడు. పక్క జిల్లాలో పుట్టి పెరిగిన నేను ఆ పేరు సరిగ్గా వినలేదు. అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదివిన. మన క్లబ్ పత్రికకు ఏమన్నా రాయమంటే, ఒక ఇంగ్లిష్ మాట అర్థం వెతుకుతూ పోయి ఆదిలాబాద్ అడవిలో తేలిన ఈ కథే రాయాలనిపించింది.

ఆ మాట ఎక్కడిది

నేటివ్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. పుట్టుకకు సంబంధించిన పదం అది. ఎక్కడ పుట్టినవాడు అక్కడి నేటివ్. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఇంగ్లిష్ వాళ్లు మన దేశాన్ని ఏలే రోజుల్లో ఆ మాట రంగు మారింది. నేటివ్ అంటే ఏలుబడిలో ఉన్నవాడు, తమకంటే ఒక మెట్టు కింద ఉన్నవాడు అనే అర్థం వచ్చి చేరింది. సిపాయిల పటాలం నేటివ్ ఇన్‌ఫాంట్రీ. రాజులు, నవాబుల రాజ్యాలు నేటివ్ స్టేట్లు. అప్పటి మన హైదరాబాద్ సంస్థానం కూడా వాళ్ల లెక్కలో ఒక నేటివ్ స్టేటే.

మొదట్లో ఇంత దూరం లేదు. 1798 నుంచి హైదరాబాద్‌లో కంపెనీ రెసిడెంట్‌గా పనిచేసిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొఘల్ బట్టలు కట్టేవాడు, ఇక్కడి భాషలు మాట్లాడేవాడు, ఖైరున్నీసా అనే హైదరాబాద్ కులీన కుటుంబపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కోఠిలో మహిళా కళాశాలగా మారిన పెద్ద రెసిడెన్సీ భవనం కట్టించింది ఆయనే. ఆ పెళ్లి మీద కలకత్తా నుంచి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ జరిపించాడు. ఒక అధికారి స్థానికుల్లో కలిసిపోతే అతను ఎవరి మనిషి అనే అనుమానం వచ్చిందన్నమాట. తర్వాత కాలంలో ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ల బంగళాలు ఒకవైపు, ఊళ్లు ఒకవైపు అయినయి. 'గో నేటివ్' అనే మాటలో ఉన్న వెక్కిరింపు ఆ వాతావరణంలో పెరిగిందే. మన మనిషి వాళ్లలో కలిసిపోయాడు, ఇక పనికిరాడు అని దాని భావం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ మాటను ఇంకో రకం మనుషులు కూడా వాడారు. వాళ్లు మానవ శాస్త్రవేత్తలు. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే పోలిష్ పండితుడు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో, ఊరి మధ్యన డేరా వేసుకొని, అక్కడి భాష నేర్చుకొని పరిశోధన చేశాడు. ఒక జాతి గురించి రాయాలంటే వాళ్ల మధ్య బతకాలి అనే పద్ధతికి ఆయనే పెద్ద దిక్కు అయ్యాడు. అయితే ఆ పద్ధతితో పాటు ఒక హెచ్చరిక కూడా వచ్చింది. వాళ్లతో కలిసి బతుకు, కానీ పూర్తిగా వాళ్లలో ఒకడివైపోకు, అయితే నీ కళ్లు నీవి కాకుండా పోతాయి అని. అక్కడ కూడా ఆ భయానికి పెట్టిన పేరు గోయింగ్ నేటివ్.

మాలినోవ్‌స్కీ గురించి ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. ఆయన ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్య పౌరుడు. యుద్ధంలో బ్రిటిష్ వాళ్లకు శత్రు దేశం మనిషి. అయినా ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆయన్ని పరిశోధన చేసుకోనిచ్చింది. సరిగ్గా ఇదే కథ ఇరవై ఏళ్ల తర్వాత మన హైదరాబాద్‌లో మళ్లీ జరిగింది.

వియన్నా నుంచి నాగా కొండలకు

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక కులీన కుటుంబంలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం చదివారు. అస్సాం కొండ జాతుల సమాజం మీద, ఆ కొండలు ఒక్కసారి కూడా చూడకుండా, పుస్తకాలు చదివే డాక్టరేట్ చేశారు. తర్వాత లండన్ వెళ్లి మాలినోవ్‌స్కీ దగ్గర కూర్చున్నారు. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే, లైబ్రరీలో కూర్చుంటే సరిపోదు, పోయి ఉండాలి.

1936లో నాగా కొండలకు వెళ్లారు. అక్కడ అధికారిగా ఉన్న జె. పి. మిల్స్ సాయంతో కోన్యాక్ నాగాల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ అనుభవాల మీద రాసిన పుస్తకం 1939లో వచ్చింది. ఈ మధ్యలో 1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లిష్ యువతిని పెళ్లి చేసుకున్నారు. ఆమె అసలు పేరు ఎలిజబెత్. ఈ కథలో ఆమె పక్కన నిలబడ్డ మనిషి మాత్రమే కాదు. అడవిలో ఆయనతో పాటు ఉండి పరిశోధనలో పాలు పంచుకుంది. దక్షిణాసియా మానవ శాస్త్ర గ్రంథాల మీద పెద్ద సూచిక తయారుచేసింది కూడా ఆమే.

అదే 1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్ అయింది.

ఏలియన్ అయిన మనిషి

1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియా ప్రయాణంలో ఉన్నారు. బ్రిటిష్ చట్టం ప్రకారం ఆయన 'ఎనిమీ ఏలియన్', శత్రు దేశపు పరాయివాడు. అధికారుల్లో ఆయనకు స్నేహితులు ఉన్నారు కాబట్టి జైలు కంచెల వెనక పెట్టలేదు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని కట్టడి చేశారు. ఈ మాట చదివినప్పుడు నాకు మా ల్యాబ్ గుర్తొచ్చింది. ఏలియన్‌కు సరిగ్గా వ్యతిరేక పదం నేటివ్. కాగితం మీద ఏలియన్ అయిన మనిషి ఆ కట్టడి ఏళ్లలో చేసిన పనే ఆయన్ని ఇక్కడి వాళ్లకు దగ్గర చేసింది.

కట్టడిని ఆయన పని చేసుకునే అవకాశంగా తీసుకున్నారు. మొదట నల్లమల అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల దగ్గరికి పోయారు. తర్వాత గోదావరి లోయలో కొండరెడ్ల దగ్గరికి. ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో వచ్చాయి. మన రాష్ట్రంలో ఆదివాసుల గురించి ఎవరు ఏం చదివినా ఈ మూడు పుస్తకాలు తగలకుండా పోవు.

ఆదిలాబాద్ పంపడానికి ప్రభుత్వానికి ఒక కారణం ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం, ఆయన వెంట నిలబడ్డవాళ్లు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. భీం కథ మనందరికీ తెలుసు, సినిమాల్లో కూడా చూసినం. ఆ కాల్పుల తర్వాత నిజాం ప్రభుత్వం ముందు ఒక ప్రశ్న మిగిలింది. ఎప్పుడూ ఎవరి జోలికీ రాని గోండులు ఎందుకు తిరగబడ్డారు? అది తెలుసుకొని చెప్పే పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. అప్పట్లో ప్రభుత్వంలో రెవెన్యూ చూస్తున్న డబ్ల్యూ. వి. గ్రిగ్సన్ బస్తర్ మారియా గోండుల మీద స్వయంగా పుస్తకం రాసిన మనిషి కావడం కలిసొచ్చింది.

మార్లవాయి గుడిసె

భార్యాభర్తలిద్దరూ మార్లవాయి అనే గోండు ఊరిని ఎంచుకున్నారు. ఇప్పుడు అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ అందుకున్న కనక రాజు గారిది కూడా ఆ ఊరే. అక్కడ మట్టి గోడలు, గడ్డి కప్పుతో ఒక ఇల్లు వేసుకొని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు.

గోండి అంటే ఏదో తెలియని భాష అనుకునేవాణ్ణి. మా రూమ్మేట్ ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి వినిపించిండు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్. రెండు, మూడు, నాలుగు ఎట్లా ఉన్నయో చూడండి. తెలుగూ గోండీ ఒకే ద్రావిడ తల్లి పిల్లలు. సొంత పిన్ని కూతురిని పందొమ్మిదేళ్లకు మొదటిసారి చూసినట్టు అనిపించింది. వియన్నాలో పుట్టిన మనిషి ఎనభై ఏళ్ల కింద ఆ భాష కూర్చొని నేర్చుకున్నరు. నేను అదే భాష మాట్లాడేవాడితో ఏడాదిన్నరగా ఒకే రూమ్‌లో ఉండి ఒక్క మాట అడగలేదు.

హైమన్‌డార్ఫ్ రాసుకున్నవి లెక్కలు, కొలతలు మాత్రమే కాదు. గోండుల గోత్రాలు ఎట్లా కలుస్తాయి, పెర్సపేన్ పూజ ఎట్లా చేస్తారు, పెళ్లిలో చావులో ఎవరి పాత్ర ఏమిటి, దండారీలో గుస్సాడీలు నెమలీకల టోపీలు పెట్టుకొని ఊరూరా ఎట్లా తిరుగుతారు, ఇవన్నీ రాశారు. గోండుల పురాణాలను తరతరాలుగా నోటితో కాపాడేది ప్రధాన్లు. తీగల వాద్యం వాయిస్తూ రాత్రంతా కథ చెప్తారు. వాళ్ల నోట విన్న కథలను ఆయన పుస్తకంలోకి ఎక్కించారు. ఫోటోలు తీశారు, సినిమా కెమెరాతో చిత్రీకరించారు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి.

మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్‌లో చేసే నాగోబా జాతర మీకు తెలిసే ఉంటుంది. పుష్య మాసం అమావాస్యకు గోదావరి నీళ్లు కాలినడకన మోసుకొచ్చి అభిషేకం చేస్తారు. ఆ జాతరలో అధికారులు వచ్చి కూర్చొని ఆదివాసుల ఫిర్యాదులు వినే దర్బార్ 1940ల్లో ఆయన చొరవతోనే మొదలైంది. గిరిజనుడు ఆఫీసు దాకా రాలేడు, వచ్చినా గుమస్తా భాష అర్థం కాదు, కాబట్టి ఆఫీసే జాతరకు పోవాలని ఆలోచన. ఆ దర్బార్ నేటికీ నడుస్తోంది.

భూమి, కాగితం

భీం ఎందుకు తిరగబడ్డాడు అనే ప్రశ్నకు ఆయనకు దొరికిన జవాబు చాలా మామూలుగా ఉంటుంది. భూమి. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కథకు ప్రాణం ఇక్కడే ఉంది.

గోండులు ఆ అడవుల్లో తరాలుగా నాగలి దున్ని బతికారు. భూమికి కొదవ లేని రోజుల్లో ఒకచోట కొన్నేళ్లు దున్ని, నేల అలసిపోతే వదిలి ఇంకోచోటికి పోయి, మళ్లీ తిరిగి వచ్చేవాళ్లు. ఈ భూమి నాది అని కాగితం రాయించుకోవాల్సిన అవసరం వాళ్లకు తోచలేదు. ఈలోపు రెండు పక్కల నుంచి ఒత్తిడి వచ్చింది. ఒక పక్క అటవీ శాఖ పెద్ద పెద్ద భాగాలకు హద్దులు గీసి రిజర్వు అడవి అన్నది. విడిచిన బీడు భూములు కూడా ఆ గీతల్లో పోయాయి. నిన్నటిదాకా సొంత చేను అయినది తెల్లారి ఆక్రమణ అయింది. ఇంకో పక్క రోడ్లు, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం వచ్చాక బయటి రైతులు, వ్యాపారులు, వడ్డీ ఇచ్చేవాళ్లు వచ్చారు. వాళ్లకు కచేరీ భాష తెలుసు, పట్టా ఎట్లా చేయించుకోవాలో తెలుసు. దున్నేవాడు గోండు, కాగితంలో పేరు ఇంకొకరిది.

ఇప్పుడు మళ్లీ నేటివ్ అనే మాట దగ్గరికి రండి. ఆ భూమి మీద అసలైన నేటివ్ ఎవరు? అక్కడే పుట్టి అక్కడే దున్నిన గోండు. కానీ రికార్డుల్లో అతను ఆక్రమణదారుడు. సొంత ఊళ్లో ఏలియన్. హైమన్‌డార్ఫ్‌కు కనపడింది ఇదే. అడ్డంగా ఉన్నది గోండుల వెనకబాటుతనం కాదు, వాళ్ల చేతిలో కాగితం లేకపోవడం.

ఆయన ప్రభుత్వానికి నివేదికలు రాశారు. అవి 1945లో నాలుగు నివేదికల పుస్తకంగా అచ్చయ్యాయి. అదే ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ని గిరిజన, వెనకబడిన తరగతుల సలహాదారుగా పెట్టుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పారు. ఇంకో వింత కూడా ఉంది. యుద్ధం ఇంకా ముగియక ముందే బ్రిటిష్ ప్రభుత్వం ఈ శత్రు దేశపు మనిషినే 1944లో ఈశాన్యంలోని సుబన్‌సిరి ప్రాంతానికి అధికారిగా పంపింది.

తిరిగొచ్చాక హైదరాబాద్‌లో పని ముందుకు సాగింది. గిరిజన ప్రాంతాలకు వేరే పాలన పద్ధతి కోసం 1356 ఫసలీ నిబంధన వచ్చింది. మన లెక్కలో అది 1946-47. లావోణీ ఖాస్ అనే ప్రత్యేక పద్ధతిలో గోండులకు, కొలాములకు ఉచితంగా పట్టాలు ఇవ్వడం మొదలైంది. సేతుమాధవరావు పగడీ లాంటి అధికారులు ఊరూరా తిరిగి ఆ పని చేశారు. 1940ల చివరికి లక్షకు పైగా ఎకరాలు ఆదివాసుల పేర్ల మీదికి వచ్చాయి. వేల కుటుంబాలకు తమ భూమి మీద తమ పేరు ఉన్న కాగితం మొదటిసారి చేతికొచ్చింది.

సొంత భాషలో బడి

కాగితం చేతికొస్తే సరిపోదు, చదవడం రావాలి కదా. 1943లో మార్లవాయిలో ఒక బడి మొదలైంది. అది పిల్లల బడి కంటే ముందు టీచర్ల బడి. అప్పటికి చదువు వచ్చిన గోండులు దాదాపు లేరు. బయటి టీచర్లు అడవిలో నిలబడరు, నిలబడ్డా వాళ్ల మాట పిల్లలకు అర్థం కాదు. అందుకని గోండు యువకులనే తీసుకొని వాళ్లకు చదువు నేర్పి, వాళ్లనే టీచర్లుగా ఊళ్లకు పంపాలని పథకం వేశారు. మొదటి వాచకాలు గోండిలోనే తయారుచేశారు. లిపి దేవనాగరి. ఆ ప్రాంతంలో మరాఠీ వాడకం ఎక్కువ కాబట్టి ఆ లిపి పనికొస్తుందని ఎంచుకున్నారు. మొదట తల్లి భాషలో చదవడం రావాలి, తర్వాత మిగతా భాషలు.

ఆ బడిలో తయారైన వాళ్లు టీచర్లు అయ్యారు, కొందరు చిన్న చిన్న ప్రభుత్వ ఉద్యోగాల్లోకి వెళ్లారు. కచేరీలో గోండి తెలిసిన మనిషి ఉండటం అంటే ఏమిటో, ఒక్కసారైనా భాష రాని ఆఫీసులో నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది. తర్వాతి కాలంలో చదువు తెలుగులోకి మారింది. గోండి వాచకాలు వెనక్కి పోయాయి. మా రూమ్మేట్ తెలుగు మీడియంలో పదో తరగతి, ఇంగ్లిష్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నడు. గోండి మాట్లాడతడు కానీ చదవడం రాదు. నా సంగతి ఏమంత గొప్పగా లేదు. నేను చదివిన బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్ ఉండేది. ఈ వ్యాసంలో నా ఒత్తులు సరిచేసింది మా క్లబ్ సీనియర్ అక్క.

వెళ్లిపోయాక, తిరిగి వచ్చాక

1949లో హైమన్‌డార్ఫ్ లండన్ సోయాస్‌లో చేరారు. తర్వాత ప్రొఫెసర్ అయి 1976లో రిటైర్ అయ్యారు. 1950ల్లో నేపాల్ వెళ్లి షెర్పాల మీద పనిచేశారు. ప్రపంచంలో ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది ఆ పుస్తకమే అని చాలామంది అంటారు. అంతా అక్కడితో అయిపోతే ఆయన మన దగ్గరికి వచ్చి పోయిన ఒక పెద్ద పండితుడు మాత్రమే అయ్యేవారు.

కానీ ఆయన మళ్లీ మళ్లీ మార్లవాయి వచ్చారు. 1970ల చివర్లో వచ్చినప్పుడు చూసింది ఆయన్ని బాధపెట్టింది. తన కళ్ల ముందు ఇచ్చిన పట్టా భూములు చాలా చోట్ల చేతులు మారాయి. అప్పు కింద పోయినవి, మోసంతో పోయినవి, చట్టం వద్దన్నా బయటివాళ్ల సాగులోకి పోయినవి. గిరిజన భూములు గిరిజనేతరులకు పోకుండా 1970లో గట్టి చట్టం వచ్చినా నేల మీద పరిస్థితి వేరే ఉంది. 1979లో గోండుల మీద ఇంకో పుస్తకం, 1982లో భారతదేశపు గిరిజనుల బతుకు పోరాటం మీద ఒక పుస్తకం రాశారు. నలభై ఏళ్ల కింద తను చూసింది, ఇప్పుడు చూసింది పక్కపక్కన పెట్టి, ఏం పోయిందో లెక్క చెప్పిన పుస్తకం అది. ఈ మధ్యలోనే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. ఆ లెక్కను అక్కడివాళ్లు ఒప్పుకోరు.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో చనిపోయింది. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. ఇంగ్లండ్‌లో కాదు, హైదరాబాద్‌లో కాదు, మట్టి ఇంట్లో కాపురం చేసిన ఊళ్లో. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. ఆయన అస్థికలు తర్వాత, 2012లో, మార్లవాయి తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

అయితే ఆయన నేటివ్ అయ్యారా?

ఈ ప్రశ్నకు అవును అని రాసి ముగిస్తే బాగుంటుంది. కానీ నిజాయితీగా చూస్తే అట్లా రాయలేను. ఆయన గోండు కాలేదు. నోట్‌బుక్, కెమెరా ఎప్పుడూ పక్కన పెట్టలేదు. ఆయన్ని పంపింది ఒక ప్రభుత్వం, అదీ గోండుల మీద కాల్పులు జరిపిన ప్రభుత్వం. మళ్లీ తిరుగుబాటు రాకూడదనేది దాని అవసరం. ఆయన చేసిన పని ఆ అవసరానికీ పనికొచ్చింది. గోండుల తరఫున ఒక బయటి మనిషి మాట్లాడితేనే సర్కారు విన్నది, భీం అడిగినప్పుడు వినలేదు. ఇది మర్చిపోయి ఆయన్ని దేవుణ్ణి చేస్తే భీంకు అన్యాయం చేసినట్టే. ఆ పట్టాల వెనక జోడేఘాట్‌లో చనిపోయినవాళ్లు ఉన్నారు.

ఇంకో వైపు, నాకు తెలిసిన ఇంగ్లిష్ మాటల్లో 'గో నేటివ్' కంటే పొరపాటు ప్రశ్న అడిగే మాట లేదనిపిస్తుంది. వచ్చిన వాడు ఎంత మారాడు, వాళ్ల బట్ట కట్టాడా, వాళ్ల తిండి తిన్నాడా అని అది అడుగుతుంది. అక్కడ ఉన్నవాళ్లు ఏమయ్యారు అని అడగదు. హైమన్‌డార్ఫ్ గోండు అయ్యారా అన్నది గోండులకు పెద్ద విషయం కాదు. తమ భూమిలో తాము నేటివ్‌గా ఉండటానికి ఆయన పనికొచ్చారా అన్నదే విషయం. కొంతకాలం, కొంతవరకు, పనికొచ్చారు. అందుకే ఆ ఊరు ఆయన్ని తన మనిషిగా లెక్కపెట్టుకుంది. నేటివ్ కావడం మనం పోయి చేసే పని కాదు, అక్కడివాళ్లు మనకు ఇచ్చేది అని నాకు అర్థమైంది.

మన సబ్జెక్టులో కూడా నేటివ్ యాప్, నేటివ్ కోడ్ అని రోజూ అంటుంటాం. మధ్యలో ఇంకో పొర లేకుండా ఆ మెషిన్‌కు నేరుగా అర్థమయ్యే కోడ్ అని కదా దాని అర్థం. మార్లవాయిలో జరిగింది చూస్తే, గుమస్తా, దళారీ, రాని భాష అనే పొరలు తీసేసి మనిషితో నేరుగా మాట్లాడటమే ఆ భార్యాభర్తలు చేసిన పని. ఎనభై ఏళ్ల తర్వాత ఆ పొరలు మళ్లీ ఎన్ని పేరుకున్నయో ఉట్నూరు వైపు వాళ్లను అడిగితే చెప్తరు.

దసరాకు ఊరికి పోయినప్పుడు మా బాపుకు ఈ కథంతా చెప్పిన. అంతా విని, మన చెలక పట్టా మీ తాత పేరు మీదనే ఉంది, మార్పించాలె అని గుర్తుచేసుకున్నడు. పాస్‌బుక్ బయటికి తీసి చూపించిండు. నేను జీవితంలో మొదటిసారి దాన్ని పూర్తిగా చదివిన. అందులో సగం మాటలకు అర్థం బాపును అడగాల్సి వచ్చింది.

ప్రతి ఏడాది జనవరి 11న మార్లవాయిలో ఆ దంపతుల వర్ధంతి చేస్తారు. ఈసారి మా రూమ్మేట్‌తో పాటు నేనూ పోతున్న. క్లబ్ నుంచి ఎవరైనా వస్తానంటే ముందే చెప్పండి, బస్సు సంగతి కలిసి చూసుకుందాం. వచ్చేవాళ్లు ఉండి, రండ్, మూండ్ దాకా అయినా నేర్చుకొని రండి.